రూఫసన్న రెండోసారి అడిగినప్పుడు

మైపాడు మొదలుకొని కృష్ణపట్నం దాకా సముద్రం అడుగున నాకు తెలియని చేప లేదు. నేను తెలియని చేప అసలే లేదు. నేను దిగుతున్నానంటే వంజరాలు దారిస్తాయి, విషపు ముల్లుండే టేకు చేపలు తోక ముడుచుకుంటాయి. ఈ సంగతి నేను చాలామందికి చెప్పినాను. మా దొరవారిసత్రంలో చిన్నాయన కొడుకులైతే నోరు తెరిచి విన్నారు. వాళ్లు వరిమడిలో మోకాటిలోతు నీళ్లు తప్ప చూసినవాళ్లు కారు, అందుకని వాళ్లకు నేనెంత చెప్తే అంత లోతు.

రూఫసన్న మాత్రం ఒక్క ముక్క నమ్మడు. నమ్మలేదని చెప్పడు కూడా. నేను ఎడమవైపు కూర్చుంటే ఆయనకు వినపడదు. కుడివైపు కూర్చుంటే అంతా విని, "తిను అబయా, సద్దన్నం చల్లారిపోతాది" అంటాడు. సద్దన్నం చల్లారడమేందన్నా అంటే అప్పుడు నవ్వుతాడు. ఆయన పెద్ద జోకు అదొక్కటే. నాలుగేళ్లుగా అదే వింటున్నాను.

ఆయన పుట్టింది కండలేరు కాలవ పక్క పల్లెలో, చర్చి వీధిలో. నాన్న వరికోతల కూలి. ఆ నాన్నకు ఈత రాదు, నీళ్లంటే భయం. కొడుకు కాలవలో ఈదుతుంటే గట్టు మీద కర్ర పట్టుకుని కూర్చునేవాడంట. మునిగితే అందించడానికి ఆ కర్ర, మునగకుండా వస్తే కొట్టడానికీ అదే కర్ర. కృష్ణపట్నం రేవు కట్టే రోజుల్లో పందొమ్మిదేళ్ల రూఫసన్న అక్కడ హెల్పరుగా చేరినాడు. తూత్తుకుడి నుంచి వచ్చిన ఒక పెద్ద డైవరు ఈయన ఈత చూసి సిలిండర్ కట్టినాడు. ఆయన అరవంలో తిడుతూ నేర్పినాడు, ఈయన తెలుగులో భయపడుతూ నేర్చుకున్నాడు. ఆ తర్వాత పదేళ్లు ఓడల అడుగున అంటుకున్న గుల్లలు గీకడమే పని. ఒకరోజు జలుబుతో దిగినందుకు ఎడమ చెవి పగిలింది. మానడానికి ఆరు నెలలు పట్టింది. కాంట్రాక్టరు ఇంక రావద్దన్నాడు.

అప్పుడు ఆయన పాత సిలిండర్లు రెండు జతలు కొనుక్కుని ఒడ్డు వెంబడి సొంతంగా పనులు మొదలుపెట్టినాడు. పడవ నుంచి జారిపోయిన ఇంజన్లు తీయడం, ఇంజను రెక్కలకు చుట్టుకున్న వలలు కోయడం, రొయ్యపిల్లల హ్యాచరీలు సముద్రం నుంచి నీళ్లు తోడే పైపులు శుభ్రం చేయడం. ఇంకొకటి కూడా ఉంది. ఆదివారం మైపాడు బీచిలో ఎవరినైనా అల లాక్కుపోతే పోలీసులు ఆయనకే ఫోను చేస్తారు. మర్నాడు పేపర్లో 'గజఈతగాళ్లు గాలించారు' అని రాస్తారు, పేరు రాయరు. దొరికేదాకా ఆయన టీ కూడా తాగడు. దొరికినాక ఆ పిల్లోడి చెయ్యి పట్టుకుని పైకి తెస్తాడు. ఎప్పుడూ జుట్టు పట్టుకోడు. అడిగితే, "వాడు పిలిచినప్పుడు ఎవురూ రాలేదు గదా, ఇప్పుడన్నా మర్యాదగా తేవద్దా" అన్నాడు.

ఇంటరు రెండో ఏట నేను చదువు మానేసినాను. కాలేజీ వాళ్లు మూడు రోజులు ఏడ్చినారు, నాలుగో రోజు నుంచి మా నాన్న అందుకున్నాడు. ఆయనకు నేవీలో చేరినానని చెప్పి రూఫసన్న దగ్గరకు వచ్చినాను. రూఫసన్న మొదటి రోజే నన్ను ఒక దిగుడుబావికి తీసుకుపోయినాడు. సిలిండర్ కట్టి, నీళ్ల అడుగున మోకాళ్ల మీద ఎదురెదురుగా కూర్చున్నాము. ఆయన ఉన్నట్టుండి అరచేత్తో తన గొంతు కోసుకుంటున్నట్టు చూపించినాడు. గాలి అయిపోయిందని దానికి అర్థం. నేను నా పక్కన వేలాడే రెండో మౌత్‌పీసు తీసి ఇచ్చినాను. ప్రతి డైవరుకీ అట్లాంటిది ఒకటి అదనంగా ఉంటుంది, జతగాడి కోసమే.

పైకొచ్చినాక ఆయన తల అడ్డంగా ఆడించినాడు.

"నీ నోట్లో ఉండేది ఇయ్యాల."

"మరి నేను?"

"నువ్వు ఆ రెండోది తీసుకో. నోట్లోది పనిచేస్తాదని నీకు తెలుసు. పక్కన వేలాడేది పనిచేస్తాదో లేదో ఎవురికి తెలుసు? తెలియనిది గాలి లేనోడికి ఇస్తావా?"

"సరే అన్నా."

"ఇంకోటి. అడిగినోడు నిజంగా అడగతన్నాడా, పరాచికాలాడతన్నాడా అని నీళ్ల కింద విచారణ పెట్టగూడదు. ముందు ఇయ్యి. ఎందుకని పైకొచ్చినాక అడుగు."

ఆ తర్వాత ఆయన నన్ను వదల్లేదు. పని మధ్యలో, చేతిలో ఉలి ఉండగా, చేపను చూస్తుండగా, ఎప్పుడు పడితే అప్పుడు గొంతు మీద చెయ్యి అడ్డంగా లాగేవాడు. నేను ఇచ్చేవాణ్ణి. ఆయన రెండు సార్లు పీల్చి, సరేనని వేళ్లు చూపించి, తిరిగిచ్చేవాడు. పోయిన మార్చి నాటికి పదకొండు సార్లయింది. మొదట్లో మెరుపులా ఇచ్చిన నేను పదకొండోసారికి, 'ఏందన్నా ఇంకా చిన్నపిల్లోడి పరీక్షలు' అని కళ్లతోనే విసుక్కుంటూ ఇచ్చినాను. నాలుగేళ్లలో నాలుగు వందల సార్లు దిగినోణ్ణి నేను. నాలుగు వందలు కాదులెండి, నూటముప్ఫై ఉంటాయి.

ఆ మార్చిలోనే మైపాడుకు దక్షిణంగా ఒక హ్యాచరీ నుంచి పిలుపు వచ్చింది. వాళ్ల పైపు ఒడ్డు నుంచి ముప్పావు ఫర్లాంగు లోపలికి పోయి, నాలుగు బారల లోతులో ఒక ఇనప బోనుతో ఆగుతుంది. చెత్త లోపలికి పోకుండా ఆ బోను. దానికి ఎక్కడినుంచో కొట్టుకొచ్చిన సన్న నైలాను తంగూసు వల చుట్టుకుని నీళ్లు రావడం తగ్గిపోయింది. మేనేజరు హరినాథ్ మా ముందు నిలబడి, ట్యాంకుల్లో మూడు రోజులకే నీళ్లున్నాయనీ, లోపల లక్షల పిల్లలున్నాయనీ చెప్పినాడు. ఆయన మోటారు ఆపి, గదికి తాళం వేసి, తాళంచెవి రూఫసన్న చేతిలో పెట్టినాడు. కింద మనిషుండగా ఎవరైనా మోటారు వేస్తే పైపు లాగేస్తుంది, అందుకని రూఫసన్న మోటారు గది తాళంచెవి లేకుండా ఏ పైపు దగ్గరికీ దిగడు.

పడవ హజరత్తయ్యది. కసుమూరు దర్గాకు మొక్కుకుంటే పుట్టిన మనిషి, యాభై దాటినాయి, కానీ మాట వినడంలో పసిబిడ్డ. నాకు అట్లాంటివాళ్లంటే ప్రాణం. బోను గుర్తుగా పైన తేలే బుడ్డికి పడవ కట్టేలోపు నేను ఆయనకు టేకు చేప కథ మొదలుపెట్టినాను.

"ఎంత ఉంటాది అది?" అన్నాడు హజరత్తయ్య.

"ఎద్దులబండి చూసినావా?"

"చూసినా."

"ఎద్దులు తీసేసి చూడు. అంత."

రూఫసన్న సిలిండర్ భుజాలకు తగిలించుకుని నా ముందు కూర్చుని ఉన్నాడు. మాకొక పద్ధతి ఉంది. ఎవరి వాల్వు వాళ్లు తెరుచుకున్నా, నీళ్లలోకి ఒరిగే ముందు జతగాడి చెయ్యి దాన్ని ఆఖరిసారి తిప్పి చూడాలి. పూర్తిగా తెరిచి, పావు చుట్టు వెనక్కి. నేను ఆయనకు ఎదురుగా ఉండి, భుజం మీదుగా చెయ్యి వెనక్కి పెట్టి తిప్పినాను. పావు చుట్టు వెనక్కి తెచ్చినాను. ఈలోపు నా కథలో టేకు చేప తోకతో నా చుట్టూ మూడు ప్రదక్షిణాలు చేసింది. హజరత్తయ్య నోరు తెరిచినాడు. రూఫసన్న రెండు సార్లు గాలి పీల్చి, గాలి మీటరు చూసుకుని, వెనక్కి ఒరిగినాడు. నేను కూడా ఒరిగినాను.

మా సముద్రం టీవీలో చూపించే నీలం సముద్రం కాదు. పెన్న బురద, రొయ్యల చెరువుల నీళ్లు, అలలు లేపే ఇసుక, అన్నీ కలిసి టీ డికాషన్ లాగా ఉంటుంది. చెయ్యి చాపితే వేళ్లు కనపడవు. మంచి రోజయితే మూరెడు కనపడతాది. ఆరోజు మూరెడు కనిపించింది. తాడు పట్టుకుని దిగినాము. బోను దగ్గర వల తెల్లటి జుట్టులాగా ఊగుతోంది. అందులో చచ్చిన పీతలు, ఒక చెప్పు, ఒక నీళ్ల సీసా ఉన్నాయి.

ఆయన ఆ వైపు, నేను ఈ వైపు కోయడం మొదలుపెట్టినాము. బోను ఇంత చిన్నదయినా నాకు ఆయన కనపడడు. ఆయన బుడగల చప్పుడు మాత్రం వినపడతాది. ఇరవై నిమిషాలు పోయింటాయి. నా మీటరు తొంభై చూపిస్తోంది, దిగేటప్పుడు రెండు వందలుండె. ఆయన నాకన్నా తక్కువ పీలుస్తాడు, ఎప్పుడూ నాకంటే ఎక్కువ మిగుల్చుకుని పైకొస్తాడు. ఆ విషయంలో మాత్రం నేను ఆయన్ని ఎప్పుడూ గెలవలేదు, ఈ ముక్క ఎవరికీ చెప్పలేదు కూడా.

ఆయన బుడగల చప్పుడు మారింది. ఇంతకుముందు నిదానంగా గళగళమనేది, ఇప్పుడు తెగి తెగి వస్తోంది. నేను బోను పట్టుకుని ఆ వైపుకు జరిగినాను. మాస్కుకు మాస్కు తగిలేంత దగ్గరకు పోతే ఆయన కళ్లు కనపడినాయి. ఆయన చెయ్యి పైకి లేచి గొంతు మీద అడ్డంగా పోయింది.

ఇక్కడ నేను చేసిన పని రాయడానికి చెయ్యి రావడం లేదు. నేను మౌత్‌పీసు ఇయ్యలేదు. ఆయన నడుము దగ్గర వేలాడే మీటరు పట్టుకుని మాస్కు దగ్గరకు తెచ్చుకుని చూసినాను. నూటపది. నూటపది ఉన్నోడికి గాలి అయిపోవడమేంది? పన్నెండో పరీక్ష, అనుకున్నాను. ఆ మీటరు ఆయన కళ్ల ముందు పెట్టి, చూపుడువేలు అటూ ఇటూ ఆడించినాను. దొరికిపోయినావులే అన్నా అని. మాస్కు లోపల నేను నవ్వుతున్నాను కూడా.

ఆయన నా మౌత్‌పీసు లాక్కోలేదు. గాలి లేనోడు ఎదురుగా ఉన్నోడి నోట్లోది పీక్కుంటాడు, అది తప్పు కాదు, ప్రాణం చేసే పని. ఆయన నా సిలిండర్ పట్టీ మాత్రం పట్టుకుని, అదే చెయ్యి మళ్లీ గొంతు మీద లాగినాడు. మెల్లగా. అక్షరం రానోడికి పలక మీద దిద్దించినట్టు. ఆ కళ్లలో కోపం లేదు. ఆ కళ్లు పెద్దవై, నా వెనక ఎక్కడో చూస్తున్నట్టుండినాయి. బీచిలో మేము నీళ్లలోంచి తీసిన పిల్లల కళ్లు నేను చూసినాను. ఆ చూపు తెలుసు నాకు.

అప్పుడు నోట్లోది పీకి ఆయన నోట్లో పెట్టినాను. పెట్టినప్పుడు ఆయన పళ్లు నా వేళ్ల మీద పడినాయి. నా రెండోది వెతుక్కునేలోపు ఉప్పునీళ్లు ముక్కులోకి పోయినాయి. అది దొరికి, నోట్లో పెట్టుకుని, దగ్గి, మళ్లీ పీల్చినాను. ఇద్దరమూ ఒకరి పట్టీ ఒకరు పట్టుకుని, ఒక సిలిండర్‌ను ఇద్దరం తాగుతూ అట్లా ఉండిపోయినాము. ఆయన పీల్పు చప్పుడుకు నా పక్కటెముకలు అదిరినాయి.

సరే, ఇంక పైకి పోదామని బొటనవేలు చూపించినాను. ఆయన తల అడ్డంగా ఆడించి, నా చెయ్యి పట్టుకుని తన మెడ వెనక్కి తీసుకుపోయినాడు. వల. సిలిండర్ మెడ చుట్టూ, గొట్టం చుట్టూ, ఎడమకాలికి తొడిగిన రబ్బరు ఫిన్ను చుట్టూ. తంగూసు పోగు కంటికి కనపడదు, వేలికి తగిలితే తీగలాగా కోస్తుంది. సిలిండర్ విప్పేసి పైకి పోవచ్చు గదా అని ఒడ్డున కూర్చున్నోళ్లు అడుగుతారు. విప్పడానికి క్లిప్పు కావాల. ఆ క్లిప్పు మీద కూడా వల. మనిషిని బోనుకేసి కట్టేసినట్టే ఉంది.

నాలుగు బారల లోతు పెద్ద లోతేం కాదు. తాటిచెట్టులో సగం కూడా ఉండదు. పైన హజరత్తయ్య బీడీ వెలిగించుకుని మా బుడగలు చూస్తుంటాడు. కానీ కాళ్లకు వల పడినోడికి నాలుగు బారలైనా నాలుగు ఆమడలైనా ఒకటే.

మా ఇద్దరికీ మధ్య గొట్టం మూడడుగులు. నేను పూర్తిగా ఆయన వెనక్కి పోతే ఆయన నోట్లోది ఊడి వస్తుంది. అందుకని ఆయన్ని కౌగిలించుకున్నట్టు పట్టుకుని, భుజం మీదుగా కత్తి వెనక్కి పెట్టి, కళ్లు లేనోడిలా కోసినాను. కాలు దగ్గరిది ముందు తెగింది. కాలు విడిపించుకోగానే ఆయన ఒకసారి పైకి తన్నినాడు, మెడ దగ్గరి వల లాగి మళ్లీ కిందికి దించింది. నా మీటరు చూసినాను. యాభై ఐదు.

కోసినాను. ఎన్ని పోగులు కోస్తే అన్ని వస్తున్నాయి. ఒకసారి కత్తి రబ్బరు మీద జారింది. అది వలా, మా గొట్టమా తెలియలేదు. చెయ్యి ఆగిపోయింది. గొట్టం కోస్తే ఇద్దరమూ ఇక్కడే. ఆ తర్వాత ప్రతి పోగునూ వేలితో తడిమి, ఇది గట్టి, ఇది మెత్తన, అని నిర్ధారించుకుని కోయాల్సి వచ్చింది. ఆ తడమడానికే గాలి పోతోంది. నేను భయంతో పీలుస్తున్నాను, మామూలుకన్నా రెండింతలు. అది నాకు తెలుసు. తెలిసినా ఆపలేను. నలభై. నాకు ఆ సమయంలో అమ్మ గుర్తురాలేదు, దేవుడు గుర్తురాలేదు. మీటరు ముల్లు ఒక్కటే గుర్తు.

ముప్ఫై. రూఫసన్న నా మీటరు పట్టుకుని ఆ ముల్లు తానూ చూసినాడు. చూసి, నాకు బొటనవేలు చూపించినాడు. నువ్వు పో. అంతటితో ఆగలేదు, నా పట్టీ వదిలేసినాడు.

పట్టుకుని ఉంటే నేను ఆయన్ని తిట్టుకునేవాణ్ణి, ముంచుతున్నాడని. వదిలేసినాడు. ఇంక నన్ను పట్టుకున్నది ఏదీ లేదు. నా కాళ్లు వాటంతట అవే తన్నడం మొదలుపెట్టినాయి. నిజంగా ఒక మూర పైకి లేచినాను. గొట్టం బిగుసుకుంది. దాని అవతలి కొసన ఆయన నోరు ఉంది. ఆయన ఆ మౌత్‌పీసును పళ్లతో పట్టుకోలేదు. నేను లాగితే వచ్చేసేటట్టు పెదవులు వదులు చేసి, కళ్లు మూసుకుని ఉన్నాడు.

నేను కిందికి దిగినాను. ధైర్యంతో కాదు. పైకి పోయి హజరత్తయ్యకు ఏం చెప్పాలో తెలియలేదు. ఏడాది పొడుగునా ఎన్నో కథలు చెప్పినోణ్ణి, ఆ ఒక్క కథకు మాత్రం నా దగ్గర మొదటి మాట కూడా లేదు.

మళ్లీ ఆయన్ని వాటేసుకుని మెడ వెనక తడిమినాను. రెండు పోగులు తెగినాయి. వేళ్లు వాల్వు పిడి మీద పడినాయి. పొద్దున తిప్పినట్టే, ఏమీ ఆలోచించకుండా, వేళ్లు దాన్ని తిప్పి చూసినాయి. తెరిచి ఉన్న వాల్వు తెరిచే వైపుకు పావు చుట్టు తిరిగి ఆగిపోవాల. అది ఆగలేదు. తిరిగింది. ఇంకా తిరిగింది. రెండో చుట్టు, మూడో చుట్టు.

ఆ నీళ్లలో నాకు చెమట పట్టింది. పొద్దున ఎదురుగా నిలబడి, చెయ్యి తలకిందులుగా పెట్టి, కథలో టేకు చేప తోకను తిప్పుతూ, తెరిచి ఉన్న వాల్వును నేను పూర్తిగా మూసి, పావు చుట్టు తెరిచినాను. ఆ సందు నెమ్మదిగా పీల్చినంతసేపు చాలింది. కిందికొచ్చి, కష్టపడి పని చేసి, గట్టిగా పీల్చేసరికి చాలలేదు. పీల్చనప్పుడు మీటరు నూటపది చూపిస్తుంది, పీల్చినప్పుడు పడిపోతుంది. నేను పీల్చనప్పుడు చూసినాను.

వేలాడుతున్న ఆయన మౌత్‌పీసు పట్టుకుని బొత్తాం నొక్కినాను. బుస్సుమని గాలి పొంగింది. నా మొహం నిండా బుడగలు. దాన్ని ఆయన నోటి దగ్గర పెడితే ఆయన కళ్లు తెరిచి, నాది వదిలి, అది అందుకున్నాడు. ఒకటి పీల్చినాడు. రెండు. ఆ పీల్పు ఎంత పొడుగంటే, ఆయన ఛాతీ నా ఛాతీని వెనక్కి నెట్టింది. మిగిలిన వల ఆయనే నా చేతిలో కత్తి తీసుకుని నిదానంగా కోసుకున్నాడు. నా మీటరు పదిహేను. తాడు పట్టుకుని, ఆయన చెయ్యి నా భుజం మీద ఉండగా పైకొచ్చినాము.

"ఏందబ్బా ఇంతసేపు," అన్నాడు హజరత్తయ్య, ఇద్దరినీ పడవలోకి లాగుతూ. "ఒకచోటే బుడగలు, ఒకచోటే బుడగలు. ఇద్దరూ కూర్చుని ముచ్చట్లు పెట్టుకున్నారా ఏంది?"

"వల," అన్నాడు రూఫసన్న.

"పెంచల్, టేకు చేప ఏమయినా అడ్డమొచ్చిందా?" అన్నాడు హజరత్తయ్య నా వైపు తిరిగి.

నేను పడవ అంచు మీద పడి వాంతి చేసుకున్నాను. హజరత్తయ్య ఇంజను తాడు లాగినాడు.

ఒడ్డున రూఫసన్న సిలిండర్ విప్పి ఇసుకలో పడుకోబెట్టి, కింద నేను తెరిచింది ఎన్ని చుట్లో వాల్వు మూస్తూ లెక్కపెట్టినాడు. కుడి చెవి నా వైపుకు తిప్పి కూర్చున్నాడు.

"పొద్దున తిప్పింది నువ్వే గదా."

"నేనే అన్నా."

"ఊఁ."

"నేను చూసుకోలేదు. కథ చెప్తా ఉండినా."

"వాల్వుకేంలే. ఎవురి చెయ్యయినా తప్పుతాది. తూత్తుకుడాయన చెయ్యే రెండుసార్లు తప్పింది." ఆయన ఇసుక తీసి అరచేతిలో పోసుకుని వదిలినాడు. "నేను అడిగినా. నువ్వు మీటరు చూసినావు."

నేను సిలిండర్ మీది ఇసుక తుడిచినాను.

"నన్ను రెండోసారి అడగనిచ్చినావు, పెంచల్. మూడోసారికి నా దగ్గర ఊపిరి లేదు."

మధ్యాహ్నం ఆయన సిలిండర్లు మార్చినాడు. బోను ఇంకా సగం వలలోనే ఉంది. నేను ఫిన్నులు తొడుక్కోబోతే పట్టీ మూడుసార్లు చేతిలోంచి జారింది. ఆయన చూసి, నా సిలిండర్ తీసి మోటారు గది నీడలో పెట్టి, "రేపు చూద్దాంలే" అన్నాడు. మర్నాడు కూడా నా వల్ల కాలేదు. మోకాళ్లలోతు దాకా పోయినాను. అల మొహానికి చిమ్మగానే వెనక్కొచ్చి మోటారు గది వెనక కూర్చున్నాను. ఆయన దిగలేదు. ఒంటరిగా ఆయన ఎప్పుడూ దిగడు. పడవ పక్కన కూర్చుని, తెగిన వల పోగులను ఒక్కొక్కటే ఏరి గోతం సంచిలో వేసుకున్నాడు, మళ్లీ సముద్రంలోకి పోకుండా.

మధ్యాహ్నం నవోమక్క క్యారియర్ తీసుకుని వచ్చింది. రూఫసన్న భార్య. నెల్లూరులో ఒక ఆసుపత్రిలో ఆయా. నోటి విషయంలో నాకు సమానం.

"ఏంది పెంచల్, సముద్రంలో చేపలన్నీ నీకు సలాం కొడతాయంటివి. ఇయ్యాల ఒడ్డున పీతలకి కాపలా కాస్తన్నావే."

"అక్కా, ఆయన వాల్వు మూసింది నేనే," అన్నాను.

"తెలుసు. చెప్పినాడు."

"మరి నన్నేమీ అనవా?"

ఆమె క్యారియర్ గిన్నెలు విప్పింది. "రాత్రంతా అనుకున్నా, నిన్ను ఏమేం అనాలో," అంది. "ఇప్పుడు లెయ్యి. నువ్వు రాకుండా ఆయన తినడు, నాకు రెండున్నర బస్సు."

తిన్నాను. ఏం తిన్నానో తెలియదు.

మూడో రోజు పొద్దున హరినాథ్ వచ్చినాడు. ట్యాంకులు అడుగంటినాయి. నేను మోటారు గది వెనకే ఉన్నాను, ఆయనకు కనపడలేదు. ఆయన గొంతు వినపడింది.

"రూఫస్, రేపు నీళ్లు రాకపోతే పిల్లలన్నీ చస్తాయయ్యా. ఆ పిల్లోడు భయపడిపోయినాడు, ఇంక వాడు పనికిరాడు. కావలి నుంచి ఒక డైవరును పిలిపించినా, మధ్యాహ్నానికి వస్తాడు. బాగా అనుభవముండాది. వాణ్ణి తీసుకుని దిగు."

"అనుభవముంటాది సార్."

"మరి?"

"గాలి అయిపోతున్నప్పుడు నేను పొమ్మన్నా. వీడు పోలేదు. కావలాయన పోడని నాకెట్టా తెలుస్తాది? దాన్ని తెలుసుకోవాలంటే నేను మళ్లా అక్కడిదాకా పోవాల."

"పోలేదంటే? అసలు గాలి ఆపింది వాడే అంట గదా. ఒడ్డున మీ మాటలు విని హజరత్తయ్య చెప్పినాడు."

"అవును సార్. రెండూ వాడే. సాయంత్రం దాకా చూద్దాం."

హరినాథ్ ఏదో అంటూ హ్యాచరీలోకి పోయినాడు. రూఫసన్న మళ్లీ పడవ పక్కకు పోయి కూర్చున్నాడు. నా వైపు చూడలేదు. నేను అక్కడున్నానని ఆయనకు తెలుసో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ మాట విని ధైర్యమొచ్చిందని చెప్తే వినడానికి బాగుంటుంది. రాలేదు. ఇంకా ఎక్కువ భయమేసింది. అప్పటిదాకా నాకు నా ప్రాణం గురించే భయం. ఇప్పుడు ఆయన నా మీద ఆనుకుని ఉన్నాడని తెలిసిన భయం కూడా దానికి తోడైంది. నేను ఒక మూర పైకి లేచిన సంగతి ఆయనకు తెలుసు, గొట్టం ఆయన నోట్లోనే బిగుసుకుంది గదా. ఆ సంగతి ఆయన హరినాథ్‌కు చెప్పలేదు.

లేచి పోయి ఆయన కుడివైపు నిలబడినాను.

"అన్నా, నేను కొంచెం పైకి పోయినా. ఆరోజు."

"ఊఁ. మళ్లా దిగినావు."

"ఇప్పుడు దిగితే మళ్లా భయమేస్తాది నాకు."

"నాకూ ఏస్తాది," అన్నాడు రూఫసన్న. "హజరత్తయ్యను కేకెయ్యి. ఎండెక్కకముందే పోదాం."

నేను హజరత్తయ్యను పిలిచినాను. మొదటి కేక అలల చప్పుడులో పోయింది, రెండోసారి పిలిచినాను.